నలుపు తీసెయ్యనివ్వని మనిషి

"సార్ పోయిన్రక్కా. పొద్దుగాల ఛాయ్ తాగుకుంట కూసున్నరంట, గట్లనే పోయిన్రంట." ఉప్పల్‌లో మా ఫొటోలు ప్రింట్ చేసే ల్యాబ్ ఆపరేటర్ ఫోన్ చేసి చెప్పాడు. నాచారంలో సార్ నడిపిన చిన్న స్టూడియోకి ఎనిమిదేళ్ల పాటు ఆదివారాలు వెళ్లి, కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నదాన్ని నేను. ముందు ఏడుపు రావాలి కదా, కోపం వచ్చింది. మా పుస్తకం ఇంకా అచ్చు కాలేదు. ఇంకొక్క నెల ఆగితే ఏం పోయేది ఈ పెద్దమనిషికి!

పుస్తకమంటే నలభై మంది ముఖాలు. అందరూ మా చుట్టుపక్కల వాళ్లే. ఫ్యాక్టరీలో రిటైరైన ఫిట్టర్, ఉప్పల్ చౌరస్తాలో పూలమ్మే ఆమె, ఇస్త్రీ బండి ఆయన, ఇలాంటి వాళ్లు. సార్ ఎవరినీ నవ్వమనేవారు కాదు. ముందు గ్లాసుడు మంచినీళ్లిచ్చి, "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవారు. మాటల్లో పడి మనిషి కెమెరాను మరిచిపోయాకే బటన్ నొక్కేవారు. నేను తొందరపడితే కసిరేవారు.

"నవ్వు అడుక్కునేది కాదు బిడ్డా. వచ్చేదాక ఆగాలె."

మొదటి నమూనా పుస్తకం చూసి ఇద్దరం నోరెళ్లబెట్టాం. నలభై ముఖాలకూ సున్నం కొట్టినట్టుంది. ఎవరి ఫొటో వచ్చినా ముందు తెల్లగా చేసెయ్యడం ఆపరేటర్‌కి చేతి అలవాటు.

"చెయ్యకుంటే కస్టమర్లు లొల్లి చేస్తరు సార్," అన్నాడు.

సార్ పూలమ్మే ఆమె పేజీ తీసి అతని ముందు పెట్టారు. "ఈమె ముప్పై ఏండ్లు ఎండల కూసున్నది. ఆ ఎండను తీసేసెటందుకు నువ్వెవరు?"

రెండో నమూనాలో సగం ముఖాలే బాగుపడ్డాయి. అప్పుడు నేనన్న మాటకి నన్ను నేనింకా క్షమించుకోలేదు. "చాల్లెండి సార్, అంత పట్టి పట్టి ఎవరు చూస్తారు? ఇలాగే అచ్చు వేయించేద్దాం" అన్నాను. ఆయన మండిపడ్డారు. రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. మూడో ఆదివారానికి మనిషే లేరు.

ఫోన్ రాగానే సార్ ఇంటికి పరుగెత్తాను. గేటుకి అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. అందులో సార్ పాలలో ముంచి తీసినట్టున్నారు. జుట్టుకి రంగు, ఒంటి మీద ఏనాడూ వేసుకోని కోటు. చేసింది ఎవరో చెప్పక్కర్లేదు.

"గౌరవంతోనే చేసిన అక్కా. సార్‌ను నల్లగ ఎట్ల పెడ్త?" అన్నాడు ఆపరేటర్. కళ్లనిండా నీళ్లు. ఆ నీళ్లు చూసి కూడా నా కోపం తగ్గలేదు. శవం పక్కనుండగానే అరిచాను.

సార్ భార్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీ బిడ్డా. పెండ్లప్పటి లెక్క ఉన్నడు. మీ పుస్తకంల గూడ గిదే పెట్టు."

పుస్తకంలో చివరి పేజీ సార్ ముఖానికని మేం ముందే అనుకున్నాం. ఆవిడకి ఎదురు చెప్పలేదు. కానీ జీవితమంతా ఆయన దేనితో కొట్లాడారో దాన్నే ఆయన ముఖానికి పూసి అచ్చు వేస్తే, నాకిక కెమెరా ముట్టుకునే అర్హత లేదు.

పదకొండో రోజు దాటాక ల్యాబ్‌లో ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్క ముఖానికీ దాని రంగు దానికి తిరిగి ఇప్పించాను. చివరి పేజీకి నా దగ్గరున్న ఒకే ఒక్క ఫొటో ఇచ్చాను. రెండో నమూనా పట్టుకుని ఉప్పల్ నుంచి ఎండలో నడిచొచ్చి, స్టూడియో గుమ్మంలో నన్ను తిడుతున్నప్పుడు నేనే తీసింది. ముఖం నల్లగా, కోపంగా, నుదుటి నిండా చెమటతో ఉంది.

"గీ చెమటన్న తీసేద్దామా అక్కా?"

"మౌస్ మీంచి చెయ్యి తియ్యి."

అచ్చయిన మొదటి కాపీ ఆవిడకే తీసుకెళ్లాను. తిడుతుందనుకున్నాను, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఒక్కొక్క పేజీ నెమ్మదిగా తిప్పి, చివరి పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఎండల పడి వచ్చిండు," అంది. కొంగు చివర చేతిలోకి తీసుకుని, కాగితం మీద ఆయన నుదురు తుడిచింది.