సగం పనసకాయ

మొన్న సెలవులకి అమలాపురం వచ్చిన మా మనవరాలు వసారాలో కంప్యూటరు ముందేసుకుని కూర్చుంటే, పొద్దుటినుంచీ అదెందుకమ్మా అలా రొద పెడుతోందని అడిగాను. కొబ్బరికాయల వ్యాను రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం తక్కువ దూరంలో చుట్టి రావడానికి దారి వెతికే పద్ధతులు రెండున్నాయట, వాటిలో ఏది మెరుగో తేల్చడమే దాని చదువట. ఒక్కో పద్ధతీ గుడ్డిగా ఎక్కడో ఒకచోట వెతుకులాట మొదలుపెడుతుంది కనక ఒకసారి అదృష్టం కలిసొస్తుంది, ఒకసారి రాదు. అందుకని తేలికవీ చిక్కువీ రకరకాల లెక్కలు తీసుకుని, ఏ లెక్కయినా రెండింటికీ అదే ఇచ్చి, మళ్ళీ మళ్ళీ చేయించి, వచ్చిన తేడా నిజమైనదా, గాలివాటంగా వచ్చిందా అని చూస్తారట.

"ఒక్కసారి నెగ్గినంత మాత్రాన మెరుగని ఎలా అంటాం మామ్మా?" అంది.

ఆ మాటతో నా కడుపులో ఎప్పటిదో మంట మళ్ళీ రాజుకుంది.

మా ఆడపడుచు పెళ్ళినాటికి నేను కాపరానికి వచ్చి ఏడాది తిరగలేదు. మా అత్తగారు నాకూ మా తోటికోడలికీ చెరో పనసకాయ ఇచ్చి కూరకి పొట్టు కొట్టమన్నారు. చేసినవారికి తెలుసు, చేతులకి నూనె రాసుకుని కత్తితో టకటకా కొడుతుంటే సన్నగా రాలాలి, అలా రాలాలంటే కాయ లేతదై ఉండాలి. అక్కకి, అదే మా తోటికోడలికి, వచ్చింది లేతది. నాది ముదిరి గింజ కట్టేసింది. ఆవపెట్టి రెండు కూరలూ దించితే, ఆవిడ గిన్నె ఊడ్చుకుపోయింది, నాది విస్తళ్ళలో పీచుగా మిగిలింది. మావగారి అక్కగారు చెయ్యి కడుక్కుంటూనే తీర్పు చెప్పేసేరు.

"పొట్టంటే పెద్దకోడలి హస్తవాసేనమ్మా. చిన్నదాని చేతికి కొబ్బరికోరే రాసిపెట్టుంది."

అంతే. తరవాత ఏ బారసాల వచ్చినా, ఏ వ్రతం వచ్చినా కత్తి ఆవిడకీ, కొబ్బరికోరు నాకూ. నూనె రాసిన ఆ అరచేతులు మెరుస్తుంటే, చుట్టాలు చుట్టూ చేరి ముచ్చటగా చూస్తుంటే, ఆ కత్తి మొండిబారిపోతే బాగుండునని మనసులో ఎన్ని మొక్కుకున్నానో.

ఇదంతా విని మనవరాలు పడీపడీ నవ్వింది. ఒకే కాయని నిలువునా కోసి చెరిసగం ఇవ్వాల్సిందట, అలా చాలా కాయలు కొట్టించి, ఎవరి కూర ఏదో చెప్పకుండా వడ్డించాల్సిందట. ఇప్పుడైనా చేద్దామని ముమ్మిడివరంలో ఉన్న అక్కకి ఫోను చేసింది. ఆవిడ వేళ్ళు బిగుసుకుపోయి కత్తి పట్టుకోవడం లేదు. నా మణికట్టూ అంతే. పొట్టు ఇప్పుడు బజార్లో పొట్లం కట్టి అమ్ముతున్నారు. ఇక ఏదీ తేలదు.

ఫోను పెట్టేసే ముందు అక్క నాతో అంది, "నీ కాయ ముదురుదని ముట్టుకోగానే తెలిసిందే. చెబితే కత్తి నీకిచ్చేసేవారు."

కోపం రాలేదు, నవ్వే వచ్చింది. అసూయ మాత్రం పోలేదు, ఆవిడ మీదనుంచి మళ్ళి ఆ కంప్యూటరు మీదికి చేరింది. వసారాలో అది ఇంకా రొద పెడుతూనే ఉంది. ఓడిన పద్ధతికి మా మనవరాలు మళ్ళీ ఇంకో లెక్క ఇస్తోంది, అవతలిదానికి ఇచ్చిన లెక్కే.