చెరపని చుక్క

దర్జీ వచ్చేసరికి చుక్కలమ్మ మోకాలికి గుడ్డపట్టీ చుట్టుకుంటోంది. పొద్దున్న ఆరు గంటలు. కొండ దాటేవాళ్ళు ఆగే ఆ రాతి బసలో వెచ్చగా ఉండే గది వంటగది ఒక్కటే. అందులో ఒక మూల పసుపు రంగు డబ్బాలు, ఇంకో మూల తాళ్ళు, మధ్యలో కిరసనాయిలు పొయ్యి మీద నీళ్ళు. వచ్చినాయన గుమ్మం దాటలేదు.

"చుక్కలు పెట్టే ఆవిడ మీరేనా అమ్మా?"

"నేనే. లోపలికి రండి బాబూ, చలిగాలి."

"చనిపోయిన టీచరుకి అన్నయ్యని. నేను దర్జీని," అన్నాడు. రెండోమాట ఎందుకు చెప్పాడో ఆయనకే తెలియనట్టు ఆగిపోయాడు. నలభై దాటిన మనిషి. భుజాలు ముందుకు వంగి ఉన్నాయి. చొక్కా కాలరుకి గుచ్చి మరచిపోయిన గుండుసూది ఒకటి మెరుస్తోంది. బూట్లు మాత్రం నిన్న కొన్నట్టు కొత్తవి.

"అది పడ్డచోటు చూడాలి," అన్నాడు. "ఈ కొండదారి చూసే ఆఫీసులో వద్దన్నారు. మీరు తీసుకెళ్తారని మోతగాళ్ళు చెప్పారు."

చుక్కలమ్మ పొయ్యి దగ్గరున్న మరిది వైపు చూసింది. బస చూసుకునేది అతనే. ఎవరైనా పడిపోతే వెతకడానికి వెళ్ళేదీ అతనే. తొమ్మిది రోజుల క్రితం ఆ టీచరమ్మను లోయలోంచి మోసుకొచ్చినప్పుడు డోలీ ముందు కొస అతని భుజం మీదే ఉంది. అతను కప్పులో టీ పోసి దర్జీ చేతికిచ్చి, "వదినా, తాడు చూసుకుందువుగాని రా," అంటూ ఆమెను బయటికి పిలిచాడు.

బయట ఆమె సంచిలో ఇనుప బ్రష్షు పడేశాడు.

"నిన్ననే వెళ్ళి ఆ పాత చుక్క గీకేసి రమ్మంటే మోకాలు అన్నావు. ఇప్పుడు నెత్తి మీదికొచ్చింది. ఆయన్ని మూపురం బండకి ఇవతలే కూర్చోబెట్టు. నువ్వు ముందెళ్ళి గీకెయ్. ఒకవేళ కళ్ళబడితే ఎవరో ఆకతాయిలు పెట్టారను. అంతే. ఇంకొక్క మాట మాట్లాడావంటే ఇద్దరం ఇంటికెళ్ళి గోళ్ళు గిల్లుకోవాలి."

ఆమె సరేనంది.

బస వెనక నుంచి అవతలి కనుమ దాకా మూడు కిలోమీటర్ల గట్టు. అందరూ దాన్ని వాదర అంటారు. కత్తి వాదరలాగే ఉంటుంది. కొన్నిచోట్ల రెండు పాదాలు పక్కపక్కన ఆనవు. అటు పడినా లోయే, ఇటు పడినా లోయే, ఎటు పడాలో తేల్చుకోవడం ఒక్కటే మనిషి చేతిలో పని అని మోతగాళ్ళు నవ్వుకుంటారు. తెలియనివాళ్ళు ఆ గట్టు దాటాలంటే రాళ్ళ మీద పసుపు చుక్కలే దిక్కు. ఒక చుక్క దగ్గర నిలబడితే రెండో చుక్క కనబడాలి. ఇరవై ఆరేళ్ళుగా వాటిని పెడుతున్నది ఆమె.

మొదట ఆమె కూడా మోతమనిషే. మొగుడు పోయాక బసకి కిరసనాయిలు డబ్బాలు మోసేది. అప్పట్లో చుక్కలు పెట్టే ముసలాయనకి చూపు మందగించి, కళ్ళ కోసం ఆమెను వెంటబెట్టుకుని తిరిగాడు. ఆయనకి సవాలక్ష నియమాలు. అన్నీ నోటితో చెప్పేవాడు, ఒక్కదానికి మాత్రం చెయ్యి చేసుకునేవాడు. దారి మారినప్పుడు కొత్త చుక్క పెట్టే ముందు పాతది గీకెయ్యాలి. ముందు గీకుడు, తర్వాత రంగు. ఒకసారి ఆమె వరస తప్పిస్తే బ్రష్షు పిడితో వేళ్ళ మీద కొట్టాడు. "అసలు దారి చూపించకపోతే మనిషి భయపడి వెనక్కెళ్తాడే. రెండు దారులు చూపిస్తే చస్తాడు!" అన్నాడు.

ఆయన పోయాక పని ఆమెకే వచ్చింది. పేరు కూడా. ఆమె ఎదురైతే చాలు, మోతగాళ్ళలో ఎవడో ఒకడు "పట్టపగలే చుక్కలు చూపించే తల్లి వస్తోంది, తప్పుకోండ్రా," అనేవాడు. "పొద్దున్నే తాగొచ్చినవాడికి నేను చూపించాలా, వాటంతటవే కనబడతాయి," అనేది ఆమె. నోరు మంచిదని ఎవరూ అనలేదు గాని, చెయ్యి మంచిదని అందరూ అన్నారు. ఇరవై నాలుగేళ్ళలో ఆమె చుక్కల వెంట నడిచినవాళ్ళెవరూ దారి తప్పలేదు.

ఇరవై అయిదో ఏట వాదర నడుమ కొండచరియ విరిగింది. అక్కడ దారికి అడ్డంగా ఎద్దు మూపురంలాంటి బండ ఉంటుంది. అంతకుముందు దాని ఎడమ పక్కనున్న సన్నటి అరుగు మీదుగా చుట్టి వెళ్ళేవాళ్ళు. ఆ అరుగు ఇరవై అడుగుల తర్వాత విరిగి లోయలో కలిసింది. ఇక మూపురం ఎక్కి దిగాల్సిందే. వర్షం వచ్చేలా ఉందని ఆమె ఆ రోజు వరస మార్చింది. ముందు బండ మీద కొత్త చుక్కలు పెట్టింది. తర్వాత అరుగు మొదట్లో, అంతకు నెల ముందే రంగు వేసిన పాత చుక్క గీకబోతే బ్రష్షు చెయ్యి జారి, టంగు టంగుమంటూ లోయలోకి పోయింది. సంచిలో ఉన్నది పసుపు రంగు ఒక్కటే. చేతికి దొరికిన బురద తీసి చుక్క మీద మెత్తి, వచ్చే వారం వచ్చి గీకుదాంలే అనుకుంది.

వచ్చే వారం వాన. ఆపై వారం మోకాలు. ఆ తర్వాత ఆ దారిన కనీసం నలభైసార్లు వెళ్ళింది, ఒక్కసారీ అటు చూడలేదు. దారి తెలిసినవాళ్ళు చుక్కలు చూడరు. కాళ్ళే నడిపిస్తాయి. ఆమె పెట్టిన చుక్కలు లోకంలో అందరికీ పనికొస్తాయి, ఆమెకు తప్ప.

తొమ్మిది రోజుల క్రితం మబ్బు దిగిన పూట లెక్కల టీచరు ఒక్కతే వాదర ఎక్కింది. దారికి బాగా ఎడంగా, అరుగు కింది లోయలో దొరికింది. 'దారి విడిచి పక్కకు వెళ్ళి పడిపోయింది' అని ఆఫీసువాళ్ళు రాసుకున్నారు.

*

దర్జీకి కొండ కొత్త. చుక్కలమ్మ ఆయన నడుముకు తాడు కట్టి, రెండో కొస తన నడుముకు కట్టుకుంది.

"రెండు చేతులు, రెండు కాళ్ళు. ఎప్పుడూ మూడు రాతికి ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. కిందికి చూడకండి. నా మడమలు చూడండి."

మొదటి అరగంట ఆయన ఆమె మడమలే చూస్తూ నడిచాడు. ఊపిరి మాత్రం పెద్దగా వినిపిస్తోంది. గట్టు మరీ సన్నబడ్డచోట ఆమె గుర్రం ఎక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుని, చేతులు ఆనించి ముందుకు జరిగింది. అవతల కొమ్ములా పొడుచుకొచ్చిన రాతికి తాడు చుట్టి, ఇక రమ్మంది. ఆయనా అలాగే జరుగుతూ వచ్చాడు.

"ముప్పై ఏళ్ళుగా కూర్చుని చేసే పని," అన్నాడు రొప్పుతూ. "చివరికి కొండ మీద కూడా కూర్చునే నడుస్తున్నా."

ఆమెకు నవ్వు రాలేదు. సంచిలో బ్రష్షు వీపుకు గుచ్చుకుంటోంది.

కాస్త వెడల్పైన చోట నీళ్ళు తాగడానికి ఆగారు. ఎడమ లోయలోంచి మబ్బు పైకి పాకుతోంది.

"ఒక మాట అడగనా అమ్మా? మీకు తెలిసి ఉంటుందని..." దర్జీ సీసా మూత బిగించాడు, మళ్ళీ విప్పాడు. "మా చెల్లి దారి తప్పే మనిషి కాదు. చిన్నప్పుడు నా కొట్లో గుండీలు కుట్టేది. నాలుగు రంధ్రాల గుండీకి దారం ఎటు నుంచి ఎటు వెళ్ళాలో కాగితం మీద గీసి చూసుకుని మరీ కుట్టేది. అలాంటిది దారి వదిలి అంత పక్కకి ఎందుకెళ్తుంది?"

చుక్కలమ్మ సంచి పట్టీ బిగించుకుంది.

"పోయినేడు దాని పెళ్ళి సంబంధం ఒకటి చెడిపోయింది. అది పట్టుకుని మా వాళ్ళంతా గుసగుసలు. కావాలనే వెళ్ళి దూకిందట. మా పిన్నయితే మొహం మీదే అనేసింది. మా అమ్మ రోజూ నన్ను అదే అడుగుతోంది. అన్నం ముందు కూర్చుంటుంది, తినదు. 'నాతో ఒక్కమాట చెప్పకుండా పోయిందా రా' అంటుంది. ఏం చెప్పను? అందుకే వచ్చా. చోటు చూస్తే ఏమైనా తెలుస్తుందేమోనని."

"లేవండి," అంది చుక్కలమ్మ. "మబ్బు కమ్మేస్తోంది."

మూపురం దగ్గరికి చేరేసరికి నాలుగు బారల అవతల ఏమీ కనబడటం లేదు. ఆమె తాడును ఒక రాతికి చుట్టి, ఆయన్ని అక్కడే కూర్చోమని చెప్పబోతూ, వెనక్కి తిరిగి సంచి ముడి విప్పింది. బ్రష్షు తాళ్ళలో చిక్కుకుంది. దాన్ని విడదీసే లోపల వెనక రాళ్ళు కదిలిన చప్పుడైంది.

"చుక్క కనబడింది అమ్మా. ఇటేగా?"

ఆయన అప్పటికే ఎడమకి నాలుగడుగులు వేశాడు.

ఎదురుగా బండ మీదున్న కొత్త చుక్క రెండేళ్ళ ఎండకు, మనుషుల బూట్లకు అరిగి వెలిసిపోయింది. మబ్బులో అది రాతిలో కలిసిపోయింది. ఎడమ పక్క పాత చుక్క మాత్రం నిన్న పెట్టినట్టు నిగనిగలాడుతోంది. ఎండ తగలకుండా బురద దాన్ని కాపాడింది. ఎప్పుడో ఒక వాన ఆ బురదను కడిగేసింది.

"ఆగు! అటు కాదు! కదలకు!"

ఆమె తాడు గుంజింది. ఆయన మోకాళ్ళ మీద పడి, రాతిని కౌగలించుకున్నాడు. గులకరాళ్ళు కొన్ని అరుగు మీద నుంచి జారాయి. అవి కింద ఎక్కడా తగిలిన చప్పుడు రాలేదు.

కాసేపటికి ఆయన తల తిప్పాడు. "చుక్క ఉంది కదా?"

ఆకతాయిల మాట ఆమె నాలుక చివరనే ఉంది. పొద్దుట్నుంచీ దాన్ని మనసులో వల్లె వేసుకుంటూనే నడిచింది. నోరు తెరిచింది.

"అది నాదే," అంది. "రెండేళ్ళ కింద దారి మారింది. నేను దాన్ని గీకెయ్యాల్సింది. గీకలేదు. మీ చెల్లెలు దారి తప్పలేదు బాబూ. నా చుక్క చూసే వెళ్ళింది."

ఆయన మరోసారి ఆ చుక్క వైపు చూశాడు. తర్వాత పాకుతూ వెనక్కి వచ్చి ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. గొంతు పెంచలేదు.

"బట్ట మీద సుద్దగీత మార్చి గీస్తే పాతది దులిపెయ్యాలి," అన్నాడు. "నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళకి మొదటిరోజే చెప్తా. కత్తెర పట్టినవాడికి ఏది పాతదో ఏం తెలుస్తుంది?" ఆమె చేతిలోని బ్రష్షు చూశాడు. "ఇవాళ దాన్ని గీకెయ్యడానికొచ్చావా? నేను చూడకుండా?"

మీరు కాస్తా నువ్వయింది.

"అవును."

"రేపు ఈ దారిన ఎవరైనా వస్తారా?"

"ఎల్లుండి పదకొండు మంది వస్తున్నారు."

ఆయన ఫోను తీసి చుక్కను ఫొటో తీశాడు. మబ్బులో మొదటిది సరిగ్గా రాకపోతే రెండోది తీశాడు. తర్వాత చెయ్యి చాచాడు. ఆమె బ్రష్షు ఇచ్చింది. తాడు రాతికి రెండు చుట్లు వేసి బిగించి పట్టుకుంది. ఆయన అరుగు మొదటికి పాకి, ఒక చేత్తో రాతి పగులు పట్టుకుని, రెండో చేత్తో గీకడం మొదలుపెట్టాడు. మంచి రంగు, తొందరగా వదల్లేదు. మునివేళ్ళు చీరుకుపోయాయి. ఒక్క పసుపు నలుసు లేకుండా పోయేదాకా వెనక్కి రాలేదు.

వెనక్కి వెళ్ళడం కంటే ముందుకు వెళ్ళడమే తేలిక. మిగిలిన గట్టంతా ఒకే తాడు మీద దాటారు. ప్రతి ఇరుకులో ఆయన తన బరువు ఆమె చేతుల మీద వెయ్యక తప్పలేదు. వేశాడు. ఆమె మొహం కేసి మాత్రం చూడలేదు.

అవతలి కనుమ దగ్గర ఫోనుకు సిగ్నలు అందింది. దర్జీ తాడు విప్పుకుని, పక్కకు వెళ్ళి రెండు ముక్కలు మాట్లాడాడు. వచ్చి ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"మా అమ్మ. నువ్వే చెప్పు."

చుక్కలమ్మ చెప్పింది. బురద మెత్తిన సంగతి, వచ్చే వారం అనుకున్న సంగతి, ఏదీ దాచలేదు. 

"అయితే అది కావాలని చెయ్యలేదు," అంది ముసలిగొంతు.

"లేదమ్మా. మీ అమ్మాయి సరిగ్గానే నడిచింది."

"ఆ చుక్క అంత బాగా కనబడేదా?"

"కనబడేదమ్మా. దూరానికి కూడా."

"నీకు పిల్లలున్నారా?"

"లేరు."

"అదే మంచిది," అంది ఆవిడ, ఫోను పెట్టేసింది.

దర్జీ ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు. "రేపు ఆఫీసుకెళ్తా. ఇదే మాట అక్కడా చెప్పాలి."

"చెప్తాను."

ఆయన తల ఊపి, కనుమ దిగి రోడ్డు వైపు వెళ్ళిపోయాడు. కొత్త బూట్లు కరుస్తున్నట్టున్నాయి, కుంటుతున్నాడు.

చుక్కలమ్మ వాదర మీదుగానే బసకి తిరిగొచ్చింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి కాళ్ళను నమ్మలేదు. కొత్తగా వచ్చినదానిలా ప్రతి చుక్క దగ్గరా నిలబడి, తర్వాతిది ఎక్కడుందో వెతుక్కుంటూ నడిచింది. ఎప్పుడూ గంటన్నర పట్టే దారికి నాలుగు గంటలు పట్టింది.

మరిది గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె మొహం చూడగానే అర్థమైంది.

"చెప్పేశావా?"

"చెప్పేశా. రేపు ఆఫీసులో కూడా చెప్తా."

"కొంప ముంచావు వదినా! నీకేం, ఒంటిదానివి. నా పిల్లల సంగతేంటి?"

ఆమె సంచి దించి, గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులు మోచేతుల దాకా పసుపు పొడి.

"వచ్చే దారిలో చెరపని పాతవి ఇంకా రెండు దొరికాయి," అంది. "ఒకటి ముసలాయనది. ఒకటి నాది."

మరిది సంచిలోంచి బ్రష్షు తీసి చూశాడు, దాని నిండా పసుపే.

"గీకేశాను. కానీ మబ్బులో నాకు కనబడనివి ఎన్నున్నాయో తెలియదు. పదకొండు మందిని రావద్దని కబురు పంపించు."