దయ్యం లోపల, రచయిత్రి బయట

మొన్న ఆదివారం నేను అయిదుగురు పిల్లలను ఒక దయ్యానికి అప్పగించి, తలుపుకు బయట గడియ పెట్టి, వీధిలోకి పారిపోయాను. అదీ, స్నేహం గొప్పదనం గురించి కథ చదువుతూ! నవ్వడానికి తొందరపడకండి. పూర్తిగా విన్నాక ఎలాగూ నవ్వుతారు.

మావారు పోయి ఏడాది దాటింది. రామతీర్థం గుడిలో ఆయన చాలా ఏళ్ళు వయొలిన్ వాయించారు. ఆయన వెళ్ళిన నాటి నుంచి మా వీధి మర్యాద నేర్చుకుంది. గొంతు చించుకుని మాట్లాడేవాళ్ళు సైతం మా గుమ్మం ముందుకు రాగానే గుసగుసలకు దిగుతారు. పిల్లల బంతి మా పెరట్లో పడితే, ఇక అది మాదే, ఎవరూ అడగరు. కారణం ఏమిటని ఒకనాడు పక్కింటి ఎర్రమ్మ మనవరాలు పైడితల్లిని అడిగాను. పదేళ్ళ పిల్ల, అబద్ధం ఇంకా సరిగా చేతకాదు.

"మీ ఇంట్లో దయ్యం ఉన్నాదంట మామ్మగోరూ."

"ఎవరు చూశారు?"

"అందరూనూ. మాటా పలుకూ నేకుండా వసారాలో తిరుగుతాదంట."

మా వసారాలో మాటా పలుకూ లేకుండా తిరిగేది నేనొక్కదాన్నే.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, చివరికి పిల్లలు దడుచుకునే వస్తువునైపోయానా? ఈ ఇంట్లో మళ్ళీ పిల్లల గొంతులు వినబడాలి. లేకపోతే ఆ బిరుదు నాకు శాశ్వతమైపోతుంది. అందుకని ఒక ఉపాయం పన్నాను. దయ్యం కథ ఒకటి నేనే రాసి, పిల్లలను ఇంటికి పిలిచి, నవ్వించి, భయం పోగొట్టాలి. నాలుగు సార్లు తిరగరాశాను. కొత్తవలసలో పాడుబడిన రైల్వే క్వార్టర్‌లో ఒక ఒంటరి దయ్యం. దానికి స్నేహితులు కావాలి. చివర్లో నీతి. పిల్లలకు ముందు పంచదార పెట్టి, వెంటనే చేదు మందు పోసే తరం కదా మాది!

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు అయిదుగురూ వచ్చారు. లైను మరమ్మతని ఉదయం నుంచి కరెంటు లేదు. తాటాకు విసనకర్రలు ఇచ్చి కూర్చోబెట్టాను. నేను గుమ్మం పక్కన కుర్చీలో. కళ్ళజోడు సవరించుకుని చదివాను.

"'బాలలారా! నన్ను మీ క్రీడలో చేర్చుకొనరా?' అని దయ్యము దీనముగా పలికెను."

పైడితల్లి చెయ్యెత్తింది. "ఏటి మామ్మగోరూ, దయ్యం పరీచ్చ రాస్తన్నాదా?"

"ఇలాగ మాట్లాడితే దాన్నెవులు ఆడించుకుంతారు?" అన్నాడు ఇంకొకడు, జాలిగా.

"ఇలాగ మాట్లాడే మనల్ని సంపీసీలాగున్నాది!" అంది మరో పిల్ల. అందరూ పకపకా నవ్వారు.

నవ్వు వచ్చింది కదా అని సరిపెట్టుకున్నాను. నవ్వు నా కథకు కాదు, నా మీద అన్న తేడాను పట్టించుకోలేదు. గొంతు పెంచి నీతి వాక్యానికి వచ్చాను. "'భయము కలిగినవేళ చేయి విడువనివాడే నిజమైన మిత్రుడు...'"

సరిగ్గా అప్పుడు, మూసి ఉన్న లోపలి గదిలో నుంచి "మ్‌మ్‌మ్..." అని శ్రుతి మొదలైంది.

అది మావారి శ్రుతి. ఆయన సాధనకు కూర్చునే ముందు వినబడే అదే ధ్వని, అదే స్థాయి. ఏడాదిగా ఆ గదిలో వినబడనిది.

ఆ తరువాత నేను చేసిన పనుల్లో నా బుద్ధికి ఏ పాత్రా లేదు. కాగితాలు ఎగిరాయి. కళ్ళజోడు జారింది. ఒక్క గెంతులో వీధిలో ఉన్నాను. మా ఊళ్ళో కొండ మీది కోతులు క్షణం ఏమరితే వంటింట్లో ఉంటాయి. అందుకని గుమ్మం దాటిన ప్రతివాళ్ళ చెయ్యీ వెనక్కి తిరిగి తలుపు లాగి గడియ పెట్టేస్తుంది. నా చెయ్యీ ఆ పని ఎంతో శ్రద్ధగా చేసింది.

పక్కింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ఎర్రమ్మ తలెత్తింది.

"ఏటమ్మా ఆ పరుగు? పామా?"

"లోపల... ఆయన..."

"పిల్లలేరీ?"

"లోపలే."

ఎర్రమ్మ గడియ వైపు చూసింది. నా వైపు చూసింది. "పిల్లల్ని నోపలెట్టి గడేసీసి నువ్వొచ్చీసినావా! బాగున్నాదమ్మా నీ సదువు!"

గడియ తియ్యబోతే, కళ్ళజోడు లేక, పట్టు చిక్కలేదు. లోపల ఆ శ్రుతి తప్ప పిల్లల గొంతు ఒక్కటీ వినబడలేదు. ఇక ఈ జన్మలో ఏ తల్లీ తన బిడ్డను మా గడప తొక్కనివ్వదు, అనుకున్నాను. ఇంతలో కిటికీ ఊచల మధ్య పైడితల్లి ముఖం కనిపించింది.

"బయపడకండి మామ్మగోరూ! కరెంటొచ్చింది. బల్ల మీద పెట్టె ఒకటి మోగతన్నాది, అంతే!"

ఆ ఉదయం పిల్లలు వస్తారని ఆ గది దులిపాను. ఆయన కరెంటు శ్రుతిపెట్టె తుడుస్తూ దాని మీట తిప్పేసి ఉంటాను. గోడ స్విచ్చి ఆయన వేసింది వేసినట్టే ఉంది. దాన్ని ఆపడానికి నాకు ఇంతవరకూ చెయ్యి రాలేదు.

"ఆపీమంతారా?" అని అడిగింది.

"వద్దమ్మా," అన్నాను. "కాసేపు ఉండనీ."

గడియ ఎర్రమ్మే తీసింది. లోపలి గదిలో మిగతా నలుగురు పిల్లలూ పెట్టె చుట్టూ చేరి, దాని శ్రుతికి తలొక అపశ్రుతి కలుపుతున్నారు. మావారు వింటే రెండోసారి పోయేవారు. నేను మాత్రం గుమ్మంలో నిలబడి, చీర కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని, చాలాసేపు విన్నాను.

సాయంత్రం వెళ్ళబోతూ పైడితల్లి ఆగింది. "వొచ్చే ఆదోరమూ వస్తాం. గానీ కత మేం సెప్తాం. మీరు ఇనండి."

"తప్పకుండా."

"ఇంకోటి. మీరు ఆ మూల గోడకాడ కూకోవాల. తలుపుకాడ మేం కూకుంతాం."

బడిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ముప్పై ఏళ్ళు నేనే నిర్ణయించాను. ఇప్పుడు చేతులు కట్టుకుని, "అలాగేనమ్మా," అన్నాను.