వెన్‌బరీ బంగళాలో తాళం వేసిన తలుపు

మేవిస్ గిటిన్స్ వెన్‌బరీ బంగళాలో గిన్నెలు తోమే పిల్లగా చేరింది. జుట్టు నెరిసేనాటికి ఇల్లంతా ఆమె చేతి మీదే నడుస్తోంది. దొరగారు ఆంబ్రోస్ కార్ఫీల్డ్‌కి భార్య పోయింది, పిల్లల్లేరు. ఆ ష్రాప్‌షైర్ సీమ వానలకు ఏటా కప్పు కారేది. ఎంత బాగుచేయించినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ఆఖరికి ఆయన బంగళాని ఒక ట్రస్టుకు రాసిచ్చేశాడు. వాళ్లు దాన్ని చిత్రకారులు వేసిన బొమ్మల ప్రదర్శనశాల చేసుకోవచ్చు. తను మాత్రం మేడమీద రెండు గదుల్లో ఉంటాడు, అదీ ఒప్పందం.

మేవిస్‌నీ ఉంచుకున్నారు. పొద్దున, సాయంత్రం దొరగారిని చూసుకోవాలి. మధ్యలో నల్లకోటు వేసుకుని హాల్లో కూర్చుని, ఎవరూ బొమ్మల్ని ముట్టుకోకుండా కాపలా కాయాలి.

"నిన్నటిదాకా కుర్చీలు తుడిచావు, ఇవాళ ఎక్కి కూర్చున్నావు. దొరసానివైపోయావే!" అన్నాడు మొగుడు క్లెమ్.

"నీ నోరు పడిపోనూ! నడుం పట్టేసి నేను చస్తుంటే."

పనివాళ్లు వచ్చి తివాచీలు చుట్టేశారు. గోడలకున్న ఆకుపచ్చ పూలకాగితం గీకేసి తెల్లసున్నం లాంటి రంగు వేశారు. "ఆసుపత్రిలా ఉందే మేవిస్!" అని దొరగారు నవ్వాడు. అప్పటికింకా మనిషి బాగానే ఉన్నాడు. రెండో చలికాలానికి మతి తప్పడం మొదలైంది.

ఒక శనివారం హాలు నిండా జనం. ఆయన రాత్రిచొక్కాతోనే మెట్లు దిగి వచ్చాడు. వాళ్లంతా తన ఇంటికి విందుకొచ్చిన చుట్టాలనుకున్నాడు. ఒకావిడ చెయ్యి పట్టుకుని "మీ నాన్నగారు కులాసానా?" అని అడిగాడు. ఇంతలో ఆయన చూపు గోడ మీద పడింది. వాళ్లమ్మ పటం ఉండే చోట ఇప్పుడు పెద్ద ఎర్రబొమ్మ, మధ్యలో నల్లటి చార.

"మా అమ్మనేం చేశార్రా?" అని అరిచి బొమ్మ పట్టుకుని లాగాడు. ఒక మూల చిరిగింది.

ప్రదర్శనశాల చూసే ఫియోనా హార్డింగ్ చెడ్డమనిషి కాదు. తరచూ ఆయనతో కూర్చుని టీ తాగేది. కానీ ఆ బొమ్మ ఎవరి దగ్గరో ఎరువు తెచ్చింది, చిరుగుకు తనే జవాబు చెప్పుకోవాలి.

"జనం ఉన్నంతసేపూ పైతలుపుకి తాళం వెయ్యండి మేవిస్."

"ఆయనింట్లో ఆయన్నే బంధించమంటారా మేడం?"

"ఇంకోసారి ఇలా అయితే ట్రస్టువాళ్లు ఆయన్ని ఇక్కడ ఉండనివ్వరు. ఏది నయమో మీరే చెప్పండి."

మర్నాడు జనం వచ్చే వేళకు మేవిస్ మేడెక్కింది. తాళం వేసింది.

కొన్నాళ్లు చడీచప్పుడూ లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం పైనుంచి తలుపు బాదిన శబ్దం. ఆగకుండా, ఒకే తీరుగా. కింద ఒక యువజంట తలలెత్తి వింటూ నిలబడ్డారు.

"ఈ చప్పుడు కూడా ప్రదర్శనలో భాగమేనాండీ? ఇల్లే ఎవర్నో పిలుస్తున్నట్టుంది. భలే ఉంది!" అంది ఆ అమ్మాయి.

"కాదమ్మా. ఈ ఇంటాయన. తాళం వేసింది నేనే" అని చెప్పి మేవిస్ లేచి మెట్లెక్కింది.

తలుపు తీసేసరికి దొరగారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. లాగు తడిసిపోయింది. "తలుపు బిగుసుకుపోయింది మేవిస్. వడ్రంగిని పిలిపించు" అన్నాడు, ఆమె మొహంలోకి చూడలేక.

ఆమె ఒళ్లు తుడిచి, మంచి కోటు తొడిగి, టై కట్టింది. చెయ్యి పట్టుకుని కిందికి తీసుకొచ్చి గది గదీ తిప్పింది. ఆయన బుద్ధిగా చూశాడు. మూల అతుకేసిన ఎర్రబొమ్మ ముందు ఆగి "ఎవరేశారో గానీ, బాగా కోపంలో వేసినట్టున్నారు పాపం" అన్నాడు. ఫియోనా హాలు చివర్నుంచి చూసింది. ఆపలేదు.

కానీ ఆయన మళ్లీ జనంలోకి వచ్చిన సంగతి ట్రస్టువాళ్ల చెవిన పడనే పడింది. ఈస్టర్ పండగ రాకముందే ఆయన్ని ష్రూస్‌బరీలో వృద్ధుల ఇంటికి పంపించేశారు. బట్టలు సర్దింది మేవిసే.

"మానెయ్యవే ఆ ఉద్యోగం" అన్నాడు క్లెమ్.

"మానేసి? ఆ ఇల్లు తప్ప నాకింకేం తెలుసని?" అంది. మర్నాడు మళ్లీ నల్లకోటు వేసుకుంది. తాళం వెయ్యకుండా ఉంటే ఆయన ఉండేవాడా, అసలు తియ్యకుండా ఉంటేనే ఉండేవాడా అన్నది ఆమెకు ఎంతకీ తేలలేదు.

బుధవారాలు బస్సెక్కి ఆయన్ని చూసొస్తుంది. ఆయన గుర్తుపట్టడం తక్కువే. ఒకరోజు ఆమె కోటుచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు: "అమ్మా, ఈ ఇంటివాళ్లు మంచివాళ్లేనా? నన్నెన్నాళ్లు ఉండనిస్తారు?"

"మీ ఇష్టం ఉన్నన్నాళ్లూ దొరగారూ" అంది మేవిస్. ఎండుద్రాక్ష కేకు చిన్నముక్క తుంపి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నెమ్మదిగా నములుతుంటే పక్కనే కూర్చుంది. బయట తనెక్కాల్సిన బస్సు కదిలిపోయిన చప్పుడు వినబడినా లేవలేదు.