చింతపండు అంటిన తరాజు

నాచారం మెయిన్ రోడ్డు మీద, సెల్‌ఫోన్ల దుకాణం వాళ్లు అడ్వాన్సు చేత్తో పట్టుకొని అడిగిన షట్టర్‌ను వాళ్లకివ్వకుండా, అందులో మా బాపు కిరాణా కొట్టు పాత సామాను పేర్చి మ్యూజియమని బోర్డు పెట్టిన ఘనుణ్ణి నేనే. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే నేను ఇంత మంచి బేరాన్ని ఇంత ఠీవిగా చెడగొట్టుకున్నానని ఉప్పల్ దాకా నవ్వుకున్నారు. షట్టర్ ఎత్తగానే గోనెసంచుల్లోంచి ఏనాటిదో బెల్లం వాసన వస్తుంది. వాసనకు ఎవరూ అద్దె కట్టరు.

చిన్నప్పుడు ఆ కొట్టే మాకు ఇల్లూ బడీ. వానాకాలంలో బెల్లం దిమ్మలు చెమర్చి కారుతుంటే ఈగలతో పాటు మేమూ చుట్టూ ముసిరేవాళ్లం; సద్దుల బతుకమ్మ ముందు నువ్వులకూ పల్లీలకూ వచ్చిన ఆడవాళ్ల గాజుల చప్పుడులో బాపు గొంతు వినపడేది కాదు; ఫ్యాక్టరీ షిఫ్టు వదిలితే సైకిళ్లన్నీ మా అరుగు ముందే ఆగేవి. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ బాపు తరాజు కిందికి దించి, ఒక పళ్లెం అడుగున మాకు కనపడకుండా చింతపండు ముద్ద అంటించి, చింతగింజలు తూచమనేవాడు. మోసం ఎక్కడుందో పట్టుకోవాలి. సరుకును ఈ పళ్లెంలోంచి ఆ పళ్లెంలోకి మార్చి తూస్తే గుట్టు బయటపడుతుందని అక్కా నేనూ కొట్లాడుకుంటూ నేర్చుకున్నాం. గెలిచినవాళ్లకు బెల్లం ముక్క. అక్క గెలిచి తినేది, నేను ఏడ్చి తినేవాణ్ణి.

అదే అక్క టీచరుగా రిటైరై ఇప్పుడు షట్టర్‌లో సగం హక్కుదారు. మ్యూజియమంటే వస్తువు అద్దాల పెట్టెలో ఉండాలి, పక్కన చీటీ ఉండాలి, పిల్లలు వరుసలో నిలబడి చదవాలి అంటూ ఆ పెట్టెలకు ఆర్డరు కూడా ఇచ్చేసింది. నేను తరాజును పిల్లల చేతికిచ్చి బాపు ఆటే ఆడించాను.

"గిదేం మ్యూజియంరా, జాతర లెక్క ఉన్నది. పోరగాళ్లు ఏమన్న నేర్సుకున్నట్టు కనపడకపోతే, దసరాకు షట్టర్ ఆ ఫోన్లోళ్లకిచ్చేద్దాం" అంది.

తను ఆడకుండా నేర్చుకున్నది ఒక్కటి చెప్పమన్నాను. ఆమె తగ్గలేదు, నేనూ తగ్గలేదు.

దసరా ముందు సర్కారు బడి పిల్లలు వచ్చారు. కేకలు, తోపులాట, ఒక గాజు సీసా భళ్లుమంది. అక్క గుమ్మంలో చేతులు కట్టుకొని చూస్తోంది. అంతలో, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల బిడ్డ ఒకతి సరుకు అటూ ఇటూ మార్చి తూచి, పళ్లెం తిప్పి చింతపండు పీకింది. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల నావైపు తిరిగింది.

"తాతా, మీ బాపు మా అసొంటోళ్లకు గిట్లనే తూసిండా?"

కొట్టులో పెరిగిన నోరు కదా, లేదు బిడ్డా అని అమ్మేయబోయాను. అక్క అడ్డొచ్చింది.

"తెల్వదు బిడ్డా. అంటించుడు మాత్రం ఆయనకు మస్తు సాఫ్‌గ వచ్చు."

పాతికేళ్లు పాఠాలు చెప్పిన అక్కకూ, లోకమంతా బేరమాడిన నాకూ ఎన్నడూ తట్టని ప్రశ్న అది. మర్నాడు అద్దాల పెట్టెల ఆర్డరు అక్కే రద్దు చేసింది; ఫోన్లవాళ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఏ కొట్టుకు పోయినా ఎర్రంకెల తూకం మెషీనే. తిప్పి చూడటానికి పళ్లేలు లేవు, నిలబడి తగవు పడటానికి అరుగులు లేవు. మ్యూజియం వినోదానికా, చదువుకా అని అడిగేవాళ్లకు నేను తేల్చి చెబుతాను: ఆడనివ్వని చోట ఆ పిల్ల నోరు తెరిచేది కాదు.

ఇక బిల్లు. పోయింది: నెలనెలా అద్దె, బాపు మీద మాకున్న నమ్మకంలో కొంత. వచ్చింది: ఒక ప్రశ్న. ఎటు మార్చి తూచినా నష్టమే. రేపు పొద్దున మళ్లీ తెరుస్తున్నాను.