పదిహేడో స్తంభం వెనక సరుకు

గోడౌన్‌లో చేరిన మొదటి వారంలోనే ఆమెకు చీటీలమ్మ అని పేరు పడిపోయింది. చేతిలో ఒక పెన్ను, చెవి వెనక ఇంకో పెన్ను, కంటబడ్డ ప్రతి అట్టపెట్టె మీదా ఒక చీటీ. ఎప్పుడొచ్చింది, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎన్నాళ్లు నిలవుంటుంది, అన్నీ అందులో ఉండాల్సిందే. "కదలకుండా కూర్చుంటే మనకీ అంటించేస్తుందిరా" అని హమాలీలు నవ్వుకున్నారు. పెట్టెల కోసం దేవులాడుకునే బాధ తప్పాక అవే చీటీలను నెత్తిన పెట్టుకున్నారు. ఆసుపత్రులకు సెలైన్, సూదులు, చేతితొడుగులు పంపే కంపెనీ అది. లారీలోకి ఎక్కిన సరుకు లెక్కచూసి సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం.

ఆ గోడౌన్ స్టోర్‌కీపరును అందరూ బాబాయ్ అనేవారు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు, తిట్టడం కూడా సణుగుడుతోనే సరిపెట్టేవాడు. పని నేర్పడంలో మాత్రం దాపరికం లేదు. పెట్టె మూల బొటనవేలితో నొక్కితే లోపల తడిసిందో లేదో తెలుస్తుందని చూపించాడు. "దగ్గరికొచ్చేశా" అన్న డ్రైవరు ఇంకా ఇంట్లో గెడ్డం గీసుకుంటూ ఉంటాడని కూడా ఆయనే చెప్పాడు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎవరెవరికో ఫోన్లు చేసి గంటసేపు కబుర్లాడేవాడు. ముసలాయనకు ఊసుపోక అనుకుని ఆమె ఆ కబుర్ల వైపు చెవి పెట్టలేదు.

చివరి వరసలో, పదిహేడో స్తంభం వెనక, టార్పాలిన్ కప్పిన నలభై సెలైన్ పెట్టెలు ఉండేవి. వాటికి చీటీ లేకపోవడం చూసి ఆమె పెన్ను తీసింది.

"దానికొద్దు" అన్నాడు బాబాయ్.

"ఏం?"

"అది లేదు."

"ఎదురుగా కనిపిస్తుంటే లేదంటావేంటి బాబాయ్?"

"నీ కళ్లకుంది, కాగితం మీద లేదు. కాగితమ్మీద ఉంటే పైవాళ్లు అమ్మేస్తారు. అమ్మేస్తే ఆపదొచ్చిన రోజు నేను చేతులు నలుపుకుంటూ నిలబడాలి."

దారిలో నలిగిన పెట్టెలను పోయినట్టు రాసి, వాటిలో బాగున్న సీసాలను ఏరి పెట్టిన సరుకది. నెలనెలా పాతది బయటికి పంపి కొత్తది ఆ మూలకు చేర్చేవాడు. ఒక్క సీసా ఇంటికి పట్టుకెళ్లిన పాపాన పోలేదు. "ఇందులో ఇంకా చాలా సంగతులున్నాయిలే, తీరిగ్గా చెప్తా" అన్నాడు. ఆ తీరిక ఆమెకు ఎప్పుడూ చిక్కలేదు.

ఒకసారి ఫ్యాక్టరీలో సమ్మె జరిగి వారం రోజులు సరుకు రాలేదు. ఊరి చివర ఒక చిన్న డయాలిసిస్ ఆసుపత్రి ఉంది. అక్కడి ఫార్మసిస్టు ఫోన్ చేసి ఏడుపు ఒక్కటే తక్కువగా మాట్లాడింది. బాబాయ్ టార్పాలిన్ తీశాడు, ఆమె లారీ పంపింది. ఆఫీసులో ఆమె పేరు మారుమోగిపోయింది. "నిజం చెప్పేస్తా బాబాయ్" అంటే, "నీ పేరే ఉండనీవే, నాకెందుకది" అన్నాడు. ఆమె పైకెక్కిన మొదటి మెట్టు అదే.

తర్వాత మెట్లన్నీ ఆమె చెమటోడ్చి ఎక్కినవే, అందులో అబద్ధం లేదు. సాయంత్రాలు క్లాసులు, ఆదివారాలు పరీక్షలు. ప్లానింగులో మూడేళ్లు, కొనుగోళ్లలో నాలుగేళ్లు. చెవి వెనక పెన్ను పోయి చెవులకు పోగులొచ్చాయి. చీటీలమ్మ కాస్తా మేడమ్ అయింది. గాజు గోడల గదిలో చల్లటి గాలికి శాలువా కప్పుకుని, తెర మీద రంగురంగుల గీతలు చూపించి, పదిమందిని నడిపించడమంటే ఏమిటో కుర్రాళ్లకు చెప్పే స్థాయికి వచ్చింది. గోడౌన్‌కు వెళ్లడం నెలకోసారి నుంచి ఏడాదికోసారికి తగ్గింది. వెళ్లినప్పుడల్లా బాబాయ్ మాత్రం "ఏమే చీటీలమ్మా" అనే పిలిచేవాడు. పక్కనున్న ఆఫీసర్లు నవ్వు ఆపుకోలేక అవస్థపడేవారు.

సరుకు రాకపోకలన్నీ చూసే సప్లై చైన్ హెడ్ కుర్చీ ఖాళీ అయినప్పుడు పోటీలో ఆమెతో కలిపి ముగ్గురు మిగిలారు. వృథాగా పడున్న సరుకును ఎవరు ఎక్కువ తగ్గించగలరో చూపించమని డైరెక్టరు అడిగాడు. ముగ్గురూ ముగ్గురే, ఒకరిని మించి ఒకరు. ఆమె రెండు రోజులు తిండి సయించక తిరిగింది. మూడో రోజు తెర మీద ఒక ఫొటో వేసింది. స్తంభం, దాని మీద పదిహేడు అంకె, వెనక టార్పాలిన్. లెక్కలో లేని సరుకు ఇలాంటి మూలల్లో ఎంతుందో మనకే తెలియదంది. ఎవరి పేరూ చెప్పలేదని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఆ గోడౌన్‌కు స్టోర్‌కీపరు ఒక్కడే అన్న సంగతి ఆమెకు తెలియనిదా?

వారం తిరక్కుండా ఆమెకు కుర్చీ దక్కింది, బాబాయ్‌ని ఇంటికి పంపేశారు. వయసుకు మర్యాద ఇచ్చి కేసు పెట్టలేదట. గేటు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆయనే "మొత్తానికి దానిక్కూడా చీటీ అంటించేశావన్నమాట" అన్నాడు. కోపంగా అని ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా బస్సెక్కాడు.

పదిహేడో స్తంభం కథకు తర్వాత మంచి గిరాకీ వచ్చింది. ఏ సభకు పిలిచినా అదే చెప్పమనేవారు. ఆమె చెప్పేది, హాలంతా చప్పట్లు కొట్టేది. వేరే కంపెనీల పెద్దలు తెర మీది ఫొటోను ఫోన్లలో తీసుకుని తమ గోడౌన్లకు వెళ్లిపోయేవారు.

నాలుగేళ్లు గడిచాయి. సెలైన్ ఫ్యాక్టరీ అంటుకుంది. సెలైన్ ఇచ్చే రెండో కంపెనీ సరుకు ఓడరేవులో ఇరుక్కుపోయింది. కొత్తది చేతికి రావాలంటే నాలుగు రోజులు పడుతుంది. పెద్ద ఆసుపత్రులు ఎవరి దగ్గరున్నది వాళ్లు పట్టుకు కూర్చున్నాయి. పొద్దున్నే డయాలిసిస్ ఆసుపత్రి ఫార్మసిస్టు ఫోన్ చేసింది.

"రోజుకు నలభై మంది వస్తారు మేడమ్. రోజుకు ఆరు పెట్టెలు కావాలి. రేపటికి నా దగ్గర ఒక్కటీ లేదు. వెనక ఒకసారి మీరే ఆదుకున్నారు."

ఆమె తనే కారు నడుపుకుంటూ గోడౌన్‌కు వెళ్లింది. పదిహేడో స్తంభం వెనక నేల అద్దంలా ఉంది. చుట్టూ పసుపు గీత, గోడకు బోర్డు: ఇక్కడ ఏమీ ఉంచరాదు. ఆ బోర్డు పెట్టమన్నది ఆమే. కాసేపు అక్కడే నిలబడి, బాబాయ్ ఇల్లెక్కడని వాచ్‌మన్‌ను అడిగింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు.

రెండో అంతస్తులో రెండు గదులు. బాబాయ్ భార్య తలుపు తీసి, ఆమెను చూసి, పక్కకు తప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. మడతకుర్చీలో ఉన్న బాబాయ్ మాత్రం నిన్ననే చూసినట్టు "రావే చీటీలమ్మా" అన్నాడు. ఆమె విషయం చెప్పింది.

"ఎన్ని కావాలి?"

"ఇరవై నాలుగు పెట్టెలు."

"అంతేగా" అన్నాడు, ఫోన్ తీస్తూ. "స్తంభం వెనకది నా ఒక్కడి తెలివే అనుకున్నావా? కంపెనీకొకడు చొప్పున నాలాంటి స్టోర్‌కీపర్లం పద్నాలుగు మందిమి. ఎవడికి తక్కువైతే వాడికి మిగతావాళ్లు పంపేవాళ్లం. అంతా చేబదులే. ఒక్కడూ ఎగ్గొట్టలేదు. మధ్యాహ్నాలు ఫోన్లు దానిక్కాక మరి దేనికనుకున్నావ్?"

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చెవి సరిగా వినపడదని ఆయన స్పీకరు పెట్టాడు. మొదటాయన ఇంట్లోనే ఉన్నాడు. "నన్ను తీసేసి రెండేళ్లయింది అన్నా. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నాడు. రెండో నంబరు పనిచేయలేదు. మూడో ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు గానీ, మూలలన్నీ ఊడ్చేశారన్నాడు. నాలుగో ఆయన నోరున్న మనిషి.

"ఎక్కడిదన్నా ఇంకా. ఎవరో మేడమ్ మీటింగుల్లో చెప్పిందట, స్తంభాల వెనక వెతకండని. మా బాసు ఫొటో కూడా తెచ్చి చూపించాడు. స్తంభం మీద పదిహేడు అంకె ఉంది. మీ గోడౌన్ ఫొటో ఆవిడ చేతికెలా చిక్కిందన్నా?"

బాబాయ్ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. తనను తీసేయించిన సంగతి ఆయన ఎప్పుడో దిగమింగుకున్నాడు. మిగతా పదమూడు మంది సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది. ఆమె నేల చూపులు చూసింది.

"తర్వాత మాట్లాడదాంరా" అని పెట్టేసి, ఆయన ఐదో నంబరు నొక్కాడు. ఆపకుండా పదమూడూ చేశాడు. పదకొండో ఆయన దగ్గర, మెట్ల కింద, మూడు పెట్టెలు దొరికాయి.

ఆమె అక్కడి నుంచే ఫార్మసిస్టుకు చెప్పింది.

"మూడంటే రేపు ఇరవై మందికొస్తాయి. మిగతా ఇరవై మందికి ఏం చెప్పమంటారు? నా వల్ల కాదు మేడమ్. లిస్టు పంపిస్తా, ఎవర్ని పిలవాలో మీరే టిక్కు పెట్టి పంపండి."

బాబాయ్ ఒక కాగితం మీద పదకొండో ఆయన చిరునామా రాసి, లేచి నిలబడి రెండు చేతులతో అందించాడు.

"పెట్టెలు మెట్ల కింద ఉన్నాయన్నాడు, తడి తగిలుండొచ్చు. తీసుకునేటప్పుడు మూలలు నొక్కి చూసుకోండి మేడమ్."

ఆయన ఆమెను అండీ అనడం, మేడమ్ అనడం అదే మొదలు. ఆమె ఏదో చెప్పబోయింది. అప్పటికే ఆయన తలుపు పట్టుకుని, ఆమె దాటడం కోసం ఆగి ఉన్నాడు.

కారులో కూర్చోగానే ఫోన్‌కు లిస్టు వచ్చింది. నలభై పేర్లు, పక్కనే వయసులు. మొదటి పేరు పక్కన డెబ్బై ఒకటి, రెండో పేరు పక్కన పంతొమ్మిది. ఆమె చదవడం అక్కడే ఆపేసి, బ్యాగులో పెన్ను కోసం వెతికింది.