అమ్మ పరీక్ష ఫీజు

మా నాన్న హాస్టల్లో వంటమనిషి. కారేపల్లి దాటి అడవిలోకి పోతే వస్తుంది ఆ హాస్టల్. రోజూ సైకిలు మీద వెళ్లి రెండు వందల మంది పిల్లలకు వండి వచ్చేవాడు. చాలా ఏళ్లు రోజుకూలీ కిందే చేశాడు. ఒక నెల డబ్బులు వస్తే రెండు నెలలు రావు. అందుకని అమ్మ మిర్చి ఏరడానికి, ఎండలు ముదిరాక బీడీల తునికాకు కొయ్యడానికి కూలికి వెళ్లేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న ఉద్యోగం పర్మినెంటయింది. ముందుగా మా కంచం మారింది. అంతకుముందు పొద్దున జొన్న గటక, సాయంత్రం రేషను బియ్యం, పచ్చిపులుసు. ఆ నెల నాన్న సన్నబియ్యం బస్తా దింపాడు. తమ్ముడు, నేను మొదటి రోజు ఆ అన్నం ఏమీ కలుపుకోకుండా ఉత్తదే తిన్నాం. గిన్నె పట్టుకుపోయి కొట్లో తెచ్చుకునే నూనె ప్యాకెట్లలో రాసాగింది. ఒంటికి ఒక సబ్బు, బట్టలకు ఒక సబ్బు వేరయ్యాయి. అమ్మ కూలికి వెళ్లడం మానేసింది.

ఏడాది తిరిగేసరికి తిండి మీద మోజు తీరింది. జీతం పెరిగినా ఇంట్లోకి బియ్యం అంతే పట్టేవి. ఫ్యాన్ వచ్చింది, టీవీ వచ్చింది. ఇంకా మిగిలినదాంతో ఏం చేయాలనే మాట మా ఇంట్లో పుట్టడం అదే మొదటిసారి.

ఒక ఆదివారం పొద్దున నాన్న అన్నాడు. "సైకిలు తొక్కి మోకాళ్లు పోతున్నయ్. బండి కొందామనుకుంటున్న."

"కొందువుగాని. ముందు నాకు ఫీజు కట్టు" అంది అమ్మ.

"ఏం ఫీజు?"

"పదో తరగతిది. ఓపెన్ స్కూల్ల రాస్త."

అమ్మ ఏడో తరగతిలో ఉండగా పెళ్లయింది. ఫీజు అడిగిన ఆ రోజుకు ఆమెకు ముప్పై రెండేళ్లు. నాన్న నవ్వాడు. "ఈ వయసుల చదివి ఏం జేస్తవే?"

"పాసైనంక చెప్త."

నాన్న ఫీజు కట్టాడు. కారేపల్లిలో రిటైరైన లెక్కల సారు దగ్గర ట్యూషన్‌కు కూడా ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం వంటపని ముగించుకుని, సంచిలో నా పాత నోటుబుక్కులు వేసుకుని అమ్మ నడిచి వెళ్లేది. పక్కింటామె దారిలో ఆపి, "ఏందక్కా, బడికి పోతున్నవట?" అని అడిగితే, "అవ్, పోతున్న" అని ఆగకుండా సాగిపోయేది.

మొదటిసారి లెక్కల్లో తప్పింది. నాన్న పెద్దగా పట్టించుకోలేదు. "ఇగ చాలు" అన్నాడు.

"మొన్న టీవీ ఖరాబైతే బాగు చేయించినవ్ గదా. నా లెక్కలు గూడ గట్లనే. మల్లొకసారి చూద్దాం" అంది అమ్మ.

రెండోసారీ లెక్కల్లోనే పోయింది. ఈసారి నాన్నకు కోపం వచ్చింది. బండి కోసం దాచినది దండుగ అవుతోందన్నాడు. అమ్మ సంక్రాంతి దాటగానే, తెల్లారి ఆడవాళ్లతో కలిసి మిర్చి ఏరడానికి వెళ్లిపోయింది. హాస్టలు కుక్కు భార్య మళ్లీ కూలికి వచ్చిందని ఊళ్లో అందరూ వింతగా చెప్పుకున్నారు. సాయంత్రం ఇంటికొచ్చాక వేళ్లు ఎర్రగా వాచి ఉండేవి. వాటిని మజ్జిగలో ముంచుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని, పేజీ తిప్పమని నన్ను పిలిచేది. నేను తిప్పేదాన్ని. అలా పది రోజులు నాన్న చూస్తూ ఊరుకున్నాడు.

పదకొండో రోజు పరీక్ష ఫారం తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.

"కూలికి పోకు. ఫీజు నేను కడత."

"బండి?"

"బండి యాడికి పోతది. నువ్వు చదువుకో."

మూడోసారి పరీక్షకు ఖమ్మం వరకు తనే వెంట వెళ్లాడు. సెలవు పెట్టి, అన్నం తనే వండి టిఫిన్ డబ్బాలో సర్ది, అమ్మ రాసి వచ్చేదాకా బడి గేటు బయట కూర్చున్నాడట. ఆ అన్నం హాస్టలు అన్నంలాగే మెత్తగా ఉందని అమ్మ తర్వాత మాతో చెప్పింది.

ఆ ఎండాకాలం అమ్మ పాసైంది. లెక్కల్లో వచ్చినవి సరిగ్గా పాసు మార్కులు. సారు వాళ్లింటికి వెళ్లి చెబితే, ఆయన లేచి నిలబడ్డాడు.

మరుసటి ఏడు మా ఊరి అంగన్‌వాడీలో టీచరు పోస్టు పడింది. పది పాసైన ఊరి కోడలికే ఆ పోస్టు ఇస్తారు. అలాంటివాళ్లు ఊళ్లో ఇద్దరే. అందులో అమ్మ ఒకతి. ఉద్యోగం ఆమెకే వచ్చింది.

మొదటి జీతం వచ్చిన ఆదివారం అమ్మ మమ్మల్నందరినీ ఖమ్మం తీసుకెళ్లి, బస్టాండు దగ్గర హోటల్లో భోజనం పెట్టించింది. ఆకలి తీరడానికి కాక సరదాకు మేము తినడం అదే మొదలు. వడ్డించే అతను అన్నం వేస్తుంటే, రోజూ తనే వడ్డించే నాన్న మొహమాటపడి సగం లేచాడు. అమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నాన్న సాంబారులో ఉప్పు ఎక్కువైందన్నాడు. అయినా రెండుసార్లు పోయించుకున్నాడు.

చేతులు కడుక్కొని వచ్చాక అమ్మ నా వైపు తిరిగి, "నువ్వు నర్సింగ్‌ల చేరుతనంటున్నవ్ గదా. ఆ ఖర్చు నాది. నాయిన జీతం ఇంట్లకు" అంది. నాన్న ఏమైనా అంటాడేమోనని చూశాను. బస్సు టైమవుతోందని లేచాడు.

ఖమ్మంలో నర్సింగ్ చదివినన్ని రోజులు నా హాస్టలు ఖర్చు, పుస్తకాలు, తెల్ల యూనిఫాం అన్నీ అమ్మ జీతంలోంచే. నెలకోసారి అంగన్‌వాడీ పిల్లల రిజిస్టరు పట్టుకుని మీటింగుకు ఖమ్మం వచ్చి, డబ్బులు నా చేతిలో పెట్టి, "లెక్కలుంటయా దీంట్ల?" అని అడిగేది. మందు డోసులకు కొన్ని ఉంటాయనేదాన్ని.

"మంచిగ నేర్చుకో" అని చెప్పి బస్సెక్కేది.